ఆ చీర ఏ రంగుది?

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు మార్గమున ఇబ్రహీంపట్నము కలదు. కృష్ణాతీరమున విజయవాడ చెంత ఇదే పేరుగల మరియొక ఊరున్నది. మనము చెప్పుకొనునది రంగారెడ్డి జిల్లాలోనిది, పెద్దచెరువుగల ఊరు. ఈ ఊరిలోగాని, దీని చుట్టుప్రక్కల పల్లెలలోగాని పాత యిండ్ల గోడలమీద కొంచెము ముందునకు వాలి వ్రేలాడుచున్న కుటుంబ చిత్రములు నేటికిని కనిపించుచుండును. నడుమ కుర్చీలో ఇంటిపెద్ద. ప్రక్కన ఆయన యిల్లాలు. వెనుక కొడుకులు, కోడండ్రు. ముందు చాపమీద పిల్లలు. అందరును కదలక, నవ్వక, మన వంకనే చూచుచుందురు.

ఆ చిత్రములోని ముఖములను గూర్చి ఇంటివారు ఉత్సాహముగా చెప్పుదురు: ఈయన తాతగారు, ఈమె నాయనమ్మ, ఈ పిల్లవాడు తరువాత పట్నములో ఉద్యోగము చేసినాడు అని. కాని “నాయనమ్మ కట్టుకొన్న ఆ చీర ఏ రంగుది?” అని అడిగినచో ఎవ్వరును వెంటనే పలుకరు. ఇంటిలో అందరికంటె పెద్దదైన ముసలమ్మ యున్నచో ఆమె చెప్పగలదు. ఆమె లేనిచో ఆ రంగును లేదు.

నేటి ప్రసంగమునకు ఈ చిన్న ప్రశ్నయే ఆధారము. కుటుంబ చిత్రమునకు కూర్చుండునప్పుడు మనవారు ఎట్టి వస్త్రములు ఎన్నుకొనిరి? ఎందుకు ఎన్నుకొనిరి? ఆ యెన్నికలో చిత్రమున నిలిచినదేది, జారిపోయినదేది? సాంఘిక చరిత్రకు ఇవి తక్కువ ప్రశ్నలు కావు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల యుద్ధములతోపాటు ప్రజల తిండిని, ఆటలను, కట్టుబొట్టులను గూడ చరిత్రగా నిలిపిరి. ఆ గ్రంథమునకే 1955లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. వారు కావ్యములలో వెదకినదానిని మనము గోడమీది చిత్రములలో వెదకుదము.

చిత్రముకొరకు అలంకరించుకొనుట కెమెరాతో పుట్టిన అలవాటు కాదు. తిరుమల ఆలయమున శ్రీకృష్ణదేవరాయలు తన దేవేరులైన తిరుమలదేవి, చిన్నాదేవులతో కూడి చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలు కలవు. 1509 మొదలు 1529 వరకు రాజ్యమేలిన ఆ ప్రభువు కుటుంబ చిత్రమనదగినది ఇదియే. రాయల శిరమున పొడవైన టోపీ యున్నది. ఛాతీమీద ఆభరణములేగాని అంగీ లేదు. నడుమునకు పూలపనిగల పంచె. టోపీ ఆయన రాజని చెప్పుచున్నది. అంగీ లేకపోవుట ఆయన దేవుని యెదుట భక్తుడని చెప్పుచున్నది. చూచువారికి తాను ఎవరుగా కనిపింపవలెనో నిశ్చయించుకొని ధరించిన వేషమది.

అనంతపురపు సీమలోని లేపాక్షిలో వీరభద్రాలయపు పైకప్పు చిత్రములును అట్టివే. 16వ శతాబ్దమున ఆ ఆలయమును కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు తమ పరివారముతో కూడ దేవుని సేవించుచున్నట్లు అందు కనిపింతురు. ఆ పైకప్పులమీది స్త్రీల చీరల అంచులు, గళ్లు, చారలు నేటికిని తెలియుచున్నవి. విచిత్రమేమనగా, దాదాపు ఐదువందల యేండ్ల క్రిందటి లేపాక్షి చీరల రంగులు మనము చూచి చెప్పగలము. నూరేండ్ల క్రిందటి మన ముత్తవ్వ చీర రంగును చెప్పలేము.

రాయల శిరముమీది ఆ పొడుగాటి టోపీకి కుల్లాయి యని పేరు. ఆ కాలపు కొలువులలో తొడిగిన పొడుగు అంగీ కబాయి. ఈ రెండు మాటలును పారసీక భాషనుండి తెలుగునకు వచ్చినవే. శ్రీనాథ మహాకవి విజయనగర రాజసభా ప్రవేశమునకై కుల్లాయి పెట్టవలసివచ్చినదనియు, అలవాటులేని అంగీ తొడుగవలసివచ్చినదనియు వాపోయినట్లు చెప్పెడి చాటుపద్యము మనవారందరకు తెలిసినదే. ఒకచోట మన్ననగల వేషము మరియొకచోట భారమైన బలవంతపు వేషమగును. ఇబ్రహీంపట్నమునకు తన పేరిచ్చిన ఇబ్రహీం కుతుబ్‌షా ఈ రెండు ప్రపంచములను ఎరిగినవాడు. అన్న జంషీదునకు వెరచి 1543లో గోలకొండ విడిచి, ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొంది, 1550లో వచ్చి సింహాసనమెక్కెను. తెలుగు కవులు ఆయనను మల్కిభరాముడని కీర్తించిరి. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చెను. విజయనగరపు కొలువులో కుల్లాయి, గోలకొండ కొలువులో తెలుగు పద్యము. వేషభాషలు సరిహద్దులు దాటుట మన దక్కనులో నిన్న మొన్న మొదలైనది కాదు.

ఇక ఫోటో కాలమునకు వత్తము. 1839లో పారిసు నగరమున డాగెర్ పద్ధతి లోకమునకు వెల్లడియైనది. ఆ విద్య కొలది యేండ్లలోనే భారతదేశపు రేవుపట్టణములకు చేరినది. హైదరాబాదు సంస్థానమున దానికి ప్రతిష్ఠ తెచ్చినవాడు లాలా దీనదయాళు. ఆయన 1844లో మీరట్టు సమీపమందలి సర్ధనలో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇండోరులో పబ్లిక్ వర్క్సు శాఖలో కొలువు చేసి, తుదకు ఆ కొలువు వదలి కెమెరానే జీవనోపాధిగా స్వీకరించెను. 1880 దశాబ్దమున సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానునకు ఆస్థాన ఛాయాగ్రాహకుడయ్యెను. నిజాము ఆయనకు ‘రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్’ అను బిరుదునిచ్చెను. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. ఆయన 1905లో దివంగతుడైన పిమ్మట కుమారుడు, మనుమలు ఆ వృత్తిని సాగించిరి.

ఆ ఆస్థానమున వస్త్రమునకు ఎంత స్థానముండెనో తెలిసికొనవలెనన్నచో హైదరాబాదులోని పురానీ హవేలీకి పోవలెను. 1869లో శైశవముననే గద్దెకు వచ్చి, 1911లో మరణించిన మహబూబ్ అలీఖాను బట్టల బీరువాలు అచట నేటికిని ఉన్నవి. బర్మా టేకుతో రెండంతస్తులుగా కట్టిన ఆ వస్త్రశాల పొడవు 176 అడుగులు. పై అంతస్తునకు పోవుటకు చేతితో త్రిప్పెడి కొయ్య లిఫ్టు గలదు. ఒకసారి తొడిగిన దుస్తులను ఆయన మరల తొడుగలేదని చెప్పుదురు. ఆ మాట ఎంత నిజమైనను, ఆ బీరువాల వరుస యెదుట నిలుచున్నవానికి ఒక సంగతి బోధపడును: రాజు ప్రతి దినమును చిత్రమునకు కూర్చున్నట్లే అలంకరించుకొనెను. దర్బారులో షేర్వానీ, దస్తారు, నడుమున బగ్లూసు. వేటలో ఆంగ్లేయుల తరహా కోటు, బూట్లు, చేత తుపాకి, కాళ్ల ముందు పెద్దపులి. దీనదయాళు చిత్రములలో ఒకే మనుష్యుడు రెండు లోకముల దొరగా కనిపించును.

దస్తారు, బగ్లూసు ధరించుట దర్బారు నియమము. ఉమరాలు, జాగీర్దారులు, పెద్ద ఉద్యోగులు, వారిలో హిందువులును, ముస్లిములును ఈ నియమమును పాటించిరి. 1901 నుండి 1912 వరకు ప్రధానిగానుండిన మహారాజా కిషన్ పర్షాదు హిందువు. ఆయనయు కొలువులో ఆ సంస్థానపు దుస్తులనే ధరించెను. కనుక పాత హైదరాబాదు చిత్రములలో షేర్వానీ తొడిగి కూర్చున్నవానిని చూచి ఆయన మతమును నిర్ణయించుట పొరపాటు. ఆ షేర్వానీ హోదా చెప్పును, కొలువు చెప్పును. ఇంటి దేవుని చెప్పదు.

ఇంతవరకు చెప్పుకొన్నది పురుషుల సంగతి. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని కెమెరా యెదుట కూర్చుండుటయెట్లు? ఈ చిక్కునకు విరుగుడుగా 1892లో దీనదయాళు హైదరాబాదులో జనానా స్టూడియో తెరచెను. దాని నిర్వహణము కెనీ లెవిక్ అను ఆంగ్ల మహిళ చేతిలో నుండెను. ఎవరి కంటను పడకుండ ఎత్తైన గోడల నడుమ బేగములు, రాణులు, ఉన్నతోద్యోగుల యిల్లాండ్రు కెమెరా ముందు కూర్చుండగలిగిరి. అంతకు ముందు వారి పట్టుచీరలను, ఖడా దుపట్టాలను, నగలను చూచినవారు బంధువులు, దాసీలు మాత్రమే. చిత్రమునకై బట్టలు ఎన్నుకొనుట అనునది ఆ స్త్రీలకు లభించిన నూతనాధికారము. తాము కనిపింపవలెనని వారు తామే నిశ్చయించుకొన్న తొలి సందర్భములలో అది యొకటి. అయినను, పురుషుల చిత్రముల క్రింద బిరుదులతో సహా పేర్లు నిలువగా, స్త్రీల చిత్రముల క్రింద తరచు ‘ఫలానివారి భార్య’ యనియే యుండును. చీర మిగిలినది, కట్టుకొన్నామె పేరు మిగులలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. చీర మిగిలినదంటిమే, రంగు ఏమైనది? నలుపు తెలుపు చిత్రమున రంగు పోవుట సహజమే కదా యని పాఠకులు అనుకొనవచ్చును. విషయము అంత సులభము కాదు. ఆనాటి గాజుపలకలు రంగును తుడిచివేయుటయే గాక, రంగునుగూర్చి అబద్ధము గూడ చెప్పినవి.

19వ శతాబ్దపు గాజుపలకలమీద పూసిన వెండి లవణములకు నీలి, ఊదా వెలుగులు మాత్రమే బాగుగ తాకును. పసుపు, ఎరుపు వెలుగులు తాకినను తాకనట్లే. అందుచే నీలిరంగు చిత్రమున తెల్లగా వచ్చును. పసుపు, ఎరుపు నల్లగా వచ్చును. ఆకాశము తెల్లని కాగితమువలె వచ్చుటకు, మేఘములు కనిపింపకపోవుటకు కారణమిదియే. 1873లో బెర్లినులో ఫోగెల్ అను శాస్త్రజ్ఞుడు పలకపూతలో కొన్ని అద్దకపు రంగులు కలిపినచో అది ఆకుపచ్చ, పసుపు వెలుగులను గూడ గ్రహించునని కనుగొనెను. ఆ జాతి పలకలకు ఆర్థోక్రోమాటిక్ అని పేరు. అవియు ఎరుపును గ్రహింపలేవు. అన్ని రంగుల వెలుగును గ్రహించు పాన్‌క్రోమాటిక్ పలకలు 1906లో అంగడికి వచ్చినవిగాని, అవి ఒక్క దినమున లోకమంతట వ్యాపింపలేదు. పాతవియు చాలకాలము వాడుకలో నుండెను.

ఈ శాస్త్రమును మన పట్టుబట్టల పెట్టెకు అన్వయించి చూతము. పెండ్లినాటి పసుపుపచ్చని చీర, దానికి ఎర్రని అంచు. కంటికి ఎంత కాంతి! ఆ పాత పలకమీద చీరయు నలుపే, అంచును నలుపే. జరీ మాత్రము అక్కడక్కడ మెరయును. చిత్రమును చూచిన మునిమనుమరాలు “పాపము, శుభకార్యమునాడు నల్లచీర కట్టించినారేమి?” అని విస్తుపోవును. శుభదినమున ముఖమునకు పసుపు రాచుకొనుట మన స్త్రీల ఆచారము. ఆ పసుపే పాత పలకమీద ముఖమును చామనచాయకంటె నల్లగా చేయును. పతిసౌభాగ్యమునకు గుర్తని పెట్టుకొన్న ఎర్రని కుంకుమబొట్టు నల్లని చుక్కగా వచ్చును.

దీనికి విపర్యయముగూడ కలదు. లేత నీలి చీర ఆ పలకమీద తెల్లచీరగా మారును. తెల్లచీర కొన్ని కుటుంబములలో వైధవ్యమునకు గుర్తు. కాబట్టి చిత్రములో తెల్లగానున్న చీరను చూచి ‘ఈమె అప్పటికే భర్తను కోల్పోయినది కాబోలు’ అని నిర్ణయించువారు తొందరపడరాదు. నొసట నల్లని చుక్క యున్నదేమో, చేతుల గాజులున్నవేమో చూడవలెను. ఒక స్త్రీ జీవితమునుగూర్చి ఇంత పెద్ద తప్పు చెప్పుటకు ఒక రంగు చాలును.

పాశ్చాత్య దేశముల ఛాయాగ్రాహకులు 19వ శతాబ్దముననే తమ గిరాకీలకు వస్త్రముల విషయమున సలహాలిచ్చుచుండిరి: తెలుపును, లేత నీలమును మానుడు, నిగనిగలాడు గుడ్డకంటె మందమైన గుడ్డ మేలు అని. మన దేశమున ఈ సలహా చెల్లుట కష్టము. చాకలి ఉతికి గంజిపెట్టిన తెల్లని పంచె, తెల్లని అంగీ, తెల్లని కండువా మన పెద్దమనిషికి గౌరవ చిహ్నములు. గాజు పైకప్పునుండి దిగు వెలుగులో ఆ తెలుపు పలకమీద మండిపోవును. దాని నడుమ ముఖము చీకటియగును. ముఖమునకు సరిపడ వెలుగిచ్చినచో పంచె మడతలు మాయమగును. పంచె మడతలు కాపాడినచో ముఖము మాయమగును. పాత చిత్రములలో మన తాతల పంచెలు పిండిముద్దలవలె కనిపించుటకు కారణము వారి బట్టలు కావు, ఈ చిక్కే.

ఇబ్రహీంపట్నపు చుట్టుపట్ల వస్త్రములకు ఈ కథ మరింత దగ్గరగా వర్తించును. ఈ ఊరికి తూర్పుగా పోయినచో పుట్టపాక, ఈశాన్యముగా పోయినచో పోచంపల్లి. రెండును నూలును ముందుగా కట్టి, అద్ది, తరువాత నేసెడి విద్యకు పేరుపొందిన ఊళ్లు. ఈ విద్య తీరాంధ్రమందలి చీరాలనుండి 20వ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఇటు వచ్చినది. అప్పటి ప్రధానమైన సరుకు తేలియా రుమాలు. నూలును నూనెలోను, ఆముదపు కాయల బూడిదనీటిలోను మరల మరల నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో నేసెడి చదరపు గుడ్డ అది. నూనె వాసన పోదు గనుక తేలియా యని పేరు. అరబ్బు దేశములకు ఎగుమతియైన ఈ రుమాలు ఇక్కడి రైతుకు, గొల్లకు, బెస్తకు తలపాగయు, భుజముమీది కండువయు గూడ. 2020లో తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినది.

అట్టి రుమాలు చుట్టుకొని ఒక రైతు ఫోటోకు కూర్చున్నాడనుకొందము. ఎరుపు నల్లగా వచ్చును. నలుపును నల్లగానే వచ్చును. నేతగాడు దారము దారమును కట్టి, విప్పి, మరల కట్టి రెండు రంగులలో కూర్చిన నమూనా చిత్రమున ఒక్క రంగుగా కలిసిపోవును. రుమాలునకు ప్రాణమైన ఎరుపే కనబడకుండ పోవును. ఆ నేతగాని శ్రమలో సగము చిత్రమునకు ఎక్కలేదు.

వస్త్ర చరిత్ర తెలిసినవారికి చిత్రము కాలనిర్ణయమునకు గూడ తోడ్పడును. పోచంపల్లిలో చెక్కుడు నమూనాల పట్టుచీరలు నేయుట స్వాతంత్ర్యానంతరమే బలపడినది. అంతకుముందు రుమాళ్లదే ప్రాబల్యము. కనుక ఒక చిత్రములో నున్నది పోచంపల్లి పట్టుచీరయని తేలినచో ఆ చిత్రమును 1920 నాటిదని చెప్పుట చెల్లదు. గద్వాలు చీరకు ఒడలు నూలు, అంచును కొంగును పట్టు. రెండింటిని మగ్గముమీదనే జోడింతురు. కుటుంబ చిత్రమున కూర్చున్న స్త్రీ పమిటను సర్దుకొని జరీ కొంగు కెమెరావైపు పరచుకొన్నచో, పట్టు కనిపించును, నూలు మరుగుపడును. గోచీకట్టు చీర కట్టిన అత్త ప్రక్కన కుచ్చెళ్లు పోసి కట్టిన కోడలు నిలిచినచో ఒకే చిత్రమున రెండు తరములు తెలియును. రవికకు బుట్టచేతులున్నవా, మోచేతివరకు చేతులున్నవా యన్నది గూడ ఒక తేదీయే.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గ్రహింపవలెను. కుటుంబ చిత్రములోని వస్త్రము నిత్యజీవితమునకు సాక్షి కాదు, కోరికకు సాక్షి. వానలో, చలిలో, ఎండలో తెలంగాణపు రైతును కాచినది నల్లని గొంగడి. పొలములో గొడుగు, రాత్రి పక్క, సంతలో సంచి అదియే. కాని ఫోటో తీయించుకొనునాడు ఆ గొంగడి ఇంటి చిలుకకొయ్యకే వ్రేలాడెను. మనము మాత్రము గొంగడి లేని చిత్రములను చూచి మన తాతలు ఎల్లకాలము ఇస్త్రీ కోటులోనే యుండిరని నమ్మరాదు.

ఆ కోటు కూడ అనేక పర్యాయములు స్వంతము కాదు. చిన్న పట్టణముల స్టూడియోలలో అద్దము ప్రక్కన ఒక కోటు, ఒక టై, ఒక టోపీ, ఒక్కొక్కచోట ఆగిపోయిన చేతిగడియారము గిరాకీల నిమిత్తము సిద్ధముగా ఉండెడివి. వెనుక తెరమీద స్తంభములు, మెట్లు, పూలతోట. ఆ కోటు ఎన్నెన్ని కుటుంబముల యిండ్ల గోడలకు ఎక్కినదో! ఒకనికి పొట్టి, ఒకనికి పొడుగు. చేతుల చివర చూచినచో ఎరువు తెచ్చిన సంగతి తెలిసిపోవును. దీనిని మోసమనుట న్యాయము కాదు. ‘నా బిడ్డలు నన్ను ఈ విధముగా జ్ఞప్తియందుంచుకొనవలెను’ అని ఒక పేదవాడు చేసికొన్న మనవి అది.

కాలము మారినకొలది కోరికయు మారినది. 1921 సెప్టెంబరు 22న మదురలో గాంధీజీ కొల్లాయికి మారిన తరువాత ఖద్దరు ఒక ప్రతిజ్ఞ యైనది. దేశాభిమానుల యిండ్లలో జరీ పట్టును మాని, ముతక ఖద్దరు కట్టి చిత్రమునకు కూర్చుండుట గౌరవమైనది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు, హిందువులు ముస్లిములనక, షేర్వానీలలో వరుసదీరి నిలిచిన చిత్రములున్నవి. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసిన పిమ్మట షేర్వానీ, రూమీ టోపీ క్రమముగా వెనుకకు తగ్గి, ప్యాంటు, బుష్ షర్టు ముందునకు వచ్చినవి. పదేండ్ల ఎడముతో తీసిన రెండు చిత్రములను ఒక్కచోట పెట్టి చూచినచో ఒక ప్రభుత్వము పోయి మరియొకటి వచ్చిన సంగతి ఇంటిపెద్ద మెడపట్టీమీదనే తెలియును.

ఎన్నుకొను భాగ్యము లేనివారిని గూర్చియు ఒక మాట. 1899–1900 నాటి మహాక్షామమున హైదరాబాదు రాజ్యపు ఔరంగాబాదు ప్రాంతమున ఏర్పడిన సహాయ శిబిరములను దీనదయాళు స్టూడియో చిత్రించినది. ఆ చిత్రములలో కుటుంబములున్నవి. తల్లులు, బిడ్డలు, వృద్ధులు వరుసగా కూర్చున్నారు. కాని అది వారు కోరి తీయించుకొన్న చిత్రము కాదు; ఆ గుడ్డ వారెన్నుకొన్న గుడ్డ కాదు. ఒకే కెమెరా, ఒకే గాజుపలక. ఒకవైపు 176 అడుగుల బట్టల బీరువా, వేరొకవైపు మొలకు చాలని చింకిపాత. దీనదయాళు స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. ఆ పలకలయందు ప్రభువుల వైభవమెంతో కలదు. కాని ఇబ్రహీంపట్నమువంటి ఊళ్ల సామాన్య కుటుంబముల చరిత్రకు జాతీయ భాండాగారములు లేవు. వాని భాండాగారము ఇంటి గోడయే. వాని గ్రంథపాలకురాలు ఇంటి ముసలమ్మయే.

రంగుల ఫోటోలు వచ్చినవి గదా, ఇక భయమేమి అని అనరాదు. 1970, 1980 దశాబ్దముల రంగుల చిత్రములలో రంగు కరిగి ఎర్రబడినవి, పసుపుబారినవి ఎన్నియో యున్నవి. నేడు ఫోనులో తీసికొన్న చిత్రమున రంగు స్పష్టముగనే యుండును. కాని ఫోను పాడైననాడు చిత్రమే పోవును. ఇప్పుడు కుటుంబమంతయు ఒకే రంగు బట్టలు కొని కూర్చుండుట వేడుకగా నున్నది. వేడుకను కాదనుటయెందుకు? అయినను ఒక్క చిత్రమైన ఎవరి బట్టలతో వారిని తీయించుట మంచిది. నాయనమ్మ తన చీరతోనే, తాత తన రుమాలుతోనే, పొలమునుండి వచ్చిన కొడుకు ఆ పొలపు బట్టలతోనే కనిపించినచో, ఆ కుటుంబపు నాలుగు బ్రతుకులు ఒక చట్రములో నిలుచును. అందరును ఒకే రంగైనచో అంగడి పేరు మాత్రమే నిలుచును.

పాత చిత్రముల విషయమున చేయవలసినది మరింత సులభము, మరింత తొందరయైనది. గోడమీది చిత్రమును ఈ వారమే దింపుడు. ఇంటిలో అందరికంటె పెద్దవారి ప్రక్కన కూర్చుండుడు. ఒక్కొక్క మనుష్యుని చూపి పేరు అడుగుడు. స్త్రీలను ఫలానివారి భార్యయని విడువక వారి పేర్లే అడుగుడు. తరువాత బట్టలనుగూర్చి అడుగుడు: ఈ చీర ఏ రంగుది? పుట్టింటివారు పెట్టినదా, సంతలో కొన్నదా? ఎవరి మగ్గముమీదిది? ఈ కోటు మనదేనా? ఆ చీర తరువాత ఏమైనది? చినిగి బొంతయైనదా, పసిబిడ్డకు ఉయ్యాలయైనదా, నేటికిని పెట్టెలో నున్నదా? వారు చెప్పినదానిని మెత్తని పెన్సిలుతో, నొక్కక, చిత్రము వెనుక వ్రాయుడు. సంవత్సరము, ఊరు చేర్చుడు. చీర ముక్క యేదైన మిగిలియున్నచో మెత్తని తెల్లగుడ్డలో చుట్టి చిత్రముతోపాటు దాచుడు. గాజుపలక చెప్పిన అబద్ధమునకు ఆ ముక్కయే సమాధానము.

కొన్ని యిండ్లలో ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవారు ఒక్కరే మిగిలియున్నారు. వారికి కంటిచూపు తగ్గియుండవచ్చును. చిత్రమును తడిమి చూచియైనను రంగు చెప్పగలరు. వారు ‘అది చిలుకపచ్చ, అంచు మిరపపండు ఎరుపు’ అని చెప్పిన క్షణమున, గోడమీద ఇన్నేండ్లుగా నల్లగా నిలిచిన చీరకు రంగు తిరిగివచ్చును.